లీజ్డ్ లైన్‌కు ఏ తరం కార్డు వేయాలి? విక్, హెచ్‌విక్, వీవిక్, నిమ్ మధ్య ఎంపిక

రౌటర్ పోయిందనో, కొత్త లైన్ వస్తోందనో స్టోర్ రూమ్ తలుపు తీస్తే అక్కడ నాలుగు రకాల కార్డులు కనిపిస్తాయి. అన్నీ సిస్కోవే, అన్నీ లీజ్డ్ లైన్, అంటే రెండు చోట్లను కలుపుతూ అద్దెకు తీసుకునే ప్రత్యేక లైన్ కోసం కొన్నవే. విక్ అంటే అలాంటి లైన్‌ను రౌటర్‌కు కలిపే వాన్ ఇంటర్‌ఫేస్ కార్డు; హెచ్‌విక్, వీవిక్, నిమ్ అదే పనికి వచ్చిన వేరే రూపాలు. ఒకదాని మీద విక్-1టి అని, ఇంకోదాని మీద హెచ్‌విక్-2టి అని, మరోదాని మీద వీవిక్2-2ఎంఎఫ్‌టి అని రాసి ఉంటుంది. సప్లయర్‌ని అడిగితే "కొత్త తరం తీసుకోండి సార్, ఫాస్ట్‌గా ఉంటుంది" అంటాడు. ఆ మాట మీద కొన్న కార్డును రౌటర్ గుర్తించక, గుర్తించినా లైన్ లేవక ఇంజినీర్లు రాత్రంతా సైట్‌లో కూర్చునే సందర్భాలు చాలా ఉంటాయి. తరం నంబరు పట్టుకుని కార్డు ఎంచుకోకూడదు. లైన్ ఇచ్చిన సంస్థ మన గోడ దగ్గర ఏ కనెక్టర్ వదిలి వెళ్లిందో ముందు అది చూడాలి. తర్వాత రౌటర్ స్లాట్, ఆ తర్వాత ఐఓఎస్ (రౌటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వెర్షన్. వేగం లెక్క అన్నిటికన్నా చివర వస్తుంది.

ఫైబర్ ఊరూరా వచ్చాక ఈ గొడవ ఎవరికి కావాలి అనిపించవచ్చు. కానీ 2 ఎంబీపీఎస్ లైన్ల మీద ఆధారపడిన చోట్లు ఇంకా ఉన్నాయి. విద్యుత్ సబ్‌స్టేషన్లు, రైల్వే సిగ్నల్, కంట్రోల్ ఆఫీసులు, కొన్ని ప్రభుత్వ కార్యాలయాలు, ఫ్యాక్టరీలు వీటిలో ముఖ్యమైనవి. 2005లో కేంద్రం ఆమోదించిన స్టేట్ వైడ్ ఏరియా నెట్‌వర్క్ పథకంలో రాష్ట్ర రాజధాని నుంచి జిల్లాకు, అక్కడి నుంచి బ్లాక్ స్థాయికి కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలన్నారు. ఈ1 అనే రకం లైన్ వేగం దాదాపు అంతే. ఆ కాలంలో కొన్న రాక్‌లు, రౌటర్లు చూసుకునే బాధ్యత ఇప్పుడు వాటిని క్లాసులో కూడా చూడని పిల్లల మీద పడుతోంది. ఒకప్పుడు అమీర్‌పేటలో సిసిఎన్ఏ (సిస్కో నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్) నేర్చుకున్నవాళ్లకు విక్-2టి, సీరియల్ కేబుల్ చేతికి అలవాటు. 2020 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త సిసిఎన్ఏ సిలబస్‌లో పీపీపీ (సీరియల్ లైన్ మీద డేటాను ప్యాక్ చేసే ప్రోటోకాల్) కూడా లేదు. ఆ కొత్త సిలబస్ చదివినవాళ్లు ఈ కార్డుల దగ్గర తడబడితే అది వాళ్ల తప్పు కాదు. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ల కోసం.

ముందు లైన్ చివర చూడండి

లీజ్డ్ లైన్ మన దగ్గరకు సాధారణంగా మూడు రూపాల్లో వస్తుంది.

మొదటిది వి.35. లైన్ ఇచ్చిన సంస్థ ఒక మోడెమ్ లేదా ఎన్‌టీయూ (లైన్ చివర పెట్టే డబ్బా) పెడుతుంది. దాని వెనక 34 పిన్నుల పెద్ద, బరువైన కనెక్టర్ ఉంటుంది. బీఎస్ఎన్ఎల్ మేనేజ్డ్ లీజ్డ్ లైన్ నెట్‌వర్క్‌లో 64 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్ దాకా తీసుకున్నవాళ్లకు ఈ కనెక్టర్ బాగా తెలుసు. ఇది ఉంటే మీకు కావలసింది సీరియల్ కార్డు.

రెండోది ఈ1; దాని ఇంటర్‌ఫేస్ ప్రమాణం పేరు జి.703. ఇది ఆర్‌జె45 లాంటి సాకెట్ మీద రావచ్చు, లేదా రెండు బీఎన్‌సీ కోయాక్స్ కేబుళ్ల మీద రావచ్చు. సాకెట్ రకం 120 ఓమ్, కోయాక్స్ రకం 75 ఓమ్. ఇది ఉంటే మల్టీఫ్లెక్స్ ట్రంక్ కార్డు కావాలి, అంటే వీవిక్ కుటుంబం.

మూడోది ఈథర్‌నెట్. లైన్ లోపల ఎలా వచ్చినా మన చేతికి ఆర్‌జె45 ఈథర్‌నెట్ పోర్టే ఇస్తారు. అప్పుడు ఈ కార్డులేవీ అక్కర్లేదు. దీని సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే కొత్తగా కొనేవాళ్లకు సరైన జవాబు చాలాసార్లు అక్కడే ఉంది.

ఒక చిక్కు ముందే చెప్పాలి. ట్రాన్స్‌మిషన్ రూమ్‌లో ఎస్‌టీఎం (ఫైబర్ ట్రాన్స్‌మిషన్) పరికరం ఈ1 ఇస్తుంది, మన రౌటర్‌లో సీరియల్ కార్డు ఉంటుంది, మధ్యలో జి.703 నుంచి వి.35 కన్వర్టర్ పెట్టేస్తారు. రైల్వే, విద్యుత్ శాఖ సైట్లలో ఈ అమరిక మామూలే. పనిచేస్తుంది కూడా. కాకపోతే ఆ డబ్బాకు వేరే పవర్ అడాప్టర్, వేరే డిప్ స్విచ్‌లు, వేరే చెడిపోయే అవకాశం ఉంటాయి. ఇంకా పెద్ద నష్టం ఏమిటంటే, ఈ1 వైపు అలారం వచ్చినా అది రౌటర్‌కు తెలియదు. సీరియల్ కార్డుకు కనిపించేది క్లాక్ (బిట్ల లయ చెప్పే సంకేతం) ఉందా లేదా అన్నదే. నేరుగా ఈ1 కార్డు ఉంటే "షో కంట్రోలర్స్ ఈ1" అని కొట్టగానే ఫ్రేమ్ పోయిందా, అవతలి వైపు అలారం ఉందా, స్లిప్‌లు (క్లాక్ తేడా వల్ల తప్పే ఫ్రేములు) ఎన్ని అన్నీ తెలుస్తాయి. అర్ధరాత్రి లైన్ ఇచ్చిన సంస్థతో వాదించాల్సి వచ్చినప్పుడు ఆ అంకెలే మన బలం. అందుకే వచ్చేది ఈ1 అయితే, రౌటర్‌లో స్లాట్ ఖాళీగా ఉంటే, నేను కన్వర్టర్ జోలికి పోకుండా ఈ1 కార్డే వేయమంటాను.

సీరియల్ కార్డులు: విక్-1టి, విక్-2టి, హెచ్‌విక్-2టి, నిమ్-2టి

ఇక్కడ తరాల మధ్య తేడా తక్కువే, మోసపోయే అవకాశం మాత్రం ఎక్కువ.

విక్-1టి ఒక పోర్టు కార్డు. దాని సాకెట్ 60 పిన్నుల వెడల్పాటి డీబీ-60. విక్-2టిలో రెండు పోర్టులు పట్టించడం కోసం సాకెట్‌ను చిన్నది చేశారు. 26 పిన్నుల ఆ సాకెట్‌నే స్మార్ట్ సీరియల్ అంటారు. హెచ్‌విక్-2టి, హెచ్‌విక్-4టిలలోనూ ఇదే ఉంటుంది. కాబట్టి విక్-1టి తీసేసి హెచ్‌విక్-2టి వేస్తే పాత కేబుల్ పనికిరాదు. విక్-1టికి క్యాబ్-వి35ఎంటి, స్మార్ట్ సీరియల్‌కు క్యాబ్-ఎస్ఎస్-వి35ఎంటి కావాలి. చివర్లోని ఎంటి చూసుకోండి. అది డీటీఈ (క్లాక్ తీసుకునే) వైపు మేల్ కనెక్టర్, మోడెమ్‌కు తగిలించేది. ఎఫ్‌సి అని ఉంటే అది డీసీఈ (క్లాక్ ఇచ్చే వైపు) కేబుల్, ల్యాబ్‌లో రెండు రౌటర్లను ఎదురెదురుగా కలపడానికి వాడేది. కార్డు ఆర్డర్ చేసి కేబుల్ మరిచిపోతే ఆ రోజు పని ఆగినట్టే. ఈ కేబుళ్లు ఏ ఊళ్లోనూ పక్క షాపులో దొరకవు.

పోర్టు వి.35గా పనిచేయాలా, ఆర్ఎస్-232గా పనిచేయాలా, ఎక్స్.21గా పనిచేయాలా అన్నది కేబుల్‌ను బట్టే కార్డు తెలుసుకుంటుంది. అందుకే కేబుల్ పెట్టాక "షో కంట్రోలర్స్ సీరియల్" చూడటం అలవాటు చేసుకోండి. డీటీఈ వి.35, టీఎక్స్, ఆర్‌ఎక్స్ క్లాక్‌లు రెండూ అందుతున్నాయని వస్తే కార్డు, కేబుల్, మోడెమ్ మూడూ సరిగ్గా ఉన్నట్టే. ఇక మిగిలింది లైన్, ఎన్‌క్యాప్సులేషన్ (డేటాను లైన్ మీద ప్యాక్ చేసే పద్ధతి). సిస్కో సీరియల్ పోర్టు మీద డిఫాల్ట్ సిస్కో సొంత హెచ్‌డీఎల్‌సీ. అవతల వేరే కంపెనీ రౌటర్ ఉంటే రెండు వైపులా పీపీపీ పెట్టండి.

ఇప్పుడు అసలు ఉచ్చు. విక్-2టి, హెచ్‌విక్-2టి ముందు నుంచి చూస్తే అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. 2004లో వచ్చిన 1841, 2811 లాంటి మొదటి తరం ఐఎస్‌ఆర్‌లలో (సిస్కో బ్రాంచి రౌటర్ల కుటుంబం) రెండూ పనిచేస్తాయి. 2009లో వచ్చిన రెండో తరం 1941, 2911లలో విక్-1టి, విక్-2టి పనిచేయవు, హెచ్‌విక్ రూపమే కావాలి. స్లాట్‌లో కూర్చున్నంత మాత్రాన సరిపోదు. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఈ రెంటినీ ఒకే పేరుతో పిలిచి అమ్మేవాళ్లు ఉంటారు. కార్డు మీద హెచ్ అక్షరం మీ కళ్లతో చూసి తీసుకోండి.

ఐఎస్‌ఆర్ 4000 సిరీస్‌కు వస్తే నిమ్-1టి, నిమ్-2టి, నిమ్-4టి ఉన్నాయి. స్లాట్ ఆకారమే వేరు కాబట్టి ఇక్కడ పొరపాటు పడే అవకాశం లేదు. పాతవేవీ అందులోకి దూరవు.

మరి సీరియల్‌లో కొత్త తరంతో లాభం ఏమిటి? హెచ్‌విక్-2టి ఒక్కో పోర్టుకు 8 ఎంబీపీఎస్ దాకా వెళ్లగలదు. మీ లైన్ 2 ఎంబీపీఎస్ అయితే ఆ మిగతా ఆరు మీకు ఎప్పటికీ రావు. 2811లో విక్-1టి సరిగ్గా నడుస్తుంటే దాన్ని మార్చడానికి సాంకేతిక కారణం ఏదీ నాకు కనిపించదు. అదే రౌటర్‌కు రెండో లైన్ కలపాలన్నా, రేపు 2911కి మారే ఆలోచన ఉన్నా అప్పుడు హెచ్‌విక్-2టి కొనండి. అది రెండు రౌటర్లలోనూ పనికొస్తుంది.

ఈ1 కార్డులు: ఇక్కడ తరం నిజంగా లెక్కలోకి వస్తుంది

వీవిక్ అంటే వాయిస్ కూడా కలిసిన విక్. పేరులో వాయిస్ ఉంది కదా, డేటాకు ఎందుకని కొందరు దాన్ని పక్కన పెట్టేస్తారు. డేటా లీజ్డ్ లైన్‌కు కూడా ఇదే కార్డు. వాయిస్ వాడినప్పుడే డీఎస్‌పీ (వాయిస్‌ను ప్రాసెస్ చేసే) చిప్‌లు, అంటే 2800లో పీవీడీఎం2, 2900లో పీవీడీఎం3 కావాలి. డేటా లైన్‌కు అవేవీ అక్కర్లేదు.

మొదటి తరం వీవిక్‌లో టి1 కార్డు వేరు, ఈ1 కార్డు వేరు. అమెరికాలో టి1 వాడతారు, 24 చానెళ్లు, 1.544 ఎంబీపీఎస్. మన దగ్గర ఈ1, 32 టైమ్‌స్లాట్లు, 2.048 ఎంబీపీఎస్. అమెరికాలో ఉన్న బంధువు చేత వాడిన కార్డులు చవగ్గా తెప్పించుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. వీవిక్-2ఎంఎఫ్‌టి-టి1 కార్డును ఇక్కడి ఈ1 లైన్‌కు వాడలేరు. విక్-1డీఎస్‌యూ-టి1 కూడా అంతే, ఎంత తక్కువకు వచ్చినా మనకు దండగే.

రెండో తరం వీవిక్2లో ఈ తేడా పోయింది. ఒకే కార్డును "కార్డ్ టైప్ ఈ1" అన్న కమాండ్‌తో ఈ1గా గానీ, టి1గా గానీ చెప్పుకోవచ్చు. ఈ కమాండ్ ఇవ్వకపోతే "కంట్రోలర్ ఈ1" అసలు కనిపించదు. కొత్తవాళ్లు కార్డు చెడిపోయిందనుకుని తిప్పి పంపేది చాలావరకు ఈ ఒక్క లైన్ తెలియకే. ఒకసారి టి1 అని పెట్టి తర్వాత ఈ1గా మార్చాలంటే రౌటర్ రీలోడ్ చేయాలి కాబట్టి మొదటిసారే సరిగ్గా ఇవ్వండి.

వీవిక్2లో అంతకన్నా పెద్ద మార్పు క్లాక్. దీని గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి.

ఈ1 లైన్‌లో బిట్లు ఏ లయలో వస్తున్నాయో రెండు చివర్లూ ఒకే గడియారం ప్రకారం అర్థం చేసుకోవాలి. సెకనుకు 8,000 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో 256 బిట్లు. లైన్ ఇచ్చిన సంస్థ క్లాక్ ఇస్తుంది, మన కార్డు దాన్నే అనుసరిస్తుంది. అందుకే మామూలుగా "క్లాక్ సోర్స్ లైన్" అని పెడతాం. రెండు గడియారాల మధ్య పిసరంత తేడా ఉన్నా కొంతసేపటికి బఫర్ నిండిపోవడమో ఖాళీ కావడమో జరిగి ఒక ఫ్రేము పోతుంది, లేదా రెండుసార్లు వస్తుంది. దాన్నే స్లిప్ అంటాం. లైన్ అప్‌లోనే ఉంటుంది, పింగ్ కూడా వెళ్తుంది, కానీ మధ్య మధ్యలో సీఆర్‌సీ (డేటా చెడిందని చూపే) ఎర్రర్లు, ఫైల్ ట్రాన్స్‌ఫర్ తెగిపోవడం, యూజర్ల ఫోన్లు. ఎంత వెతికినా కారణం దొరకని ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇదే.

మొదటి తరం రెండు పోర్టుల వీవిక్‌లో రెండు పోర్టులకూ కలిపి ఒకే క్లాక్. రెండు లైన్లూ ఒకే సంస్థవి, ఒకే నెట్‌వర్క్ క్లాక్ మీద నడుస్తుంటే ఇబ్బంది లేదు. ప్రైమరీ ఒక సంస్థది, బ్యాకప్ ఇంకో సంస్థది అయితే ఆ రెండు గడియారాలూ వేరు. ఒక పోర్టు శుభ్రంగా నడుస్తుంది, రెండోదాంట్లో స్లిప్‌లు పెరుగుతూ పోతాయి. వీవిక్2 నుంచి డేటా కోసం ఒక్కో పోర్టు తన లైన్ క్లాక్‌ను విడిగా తీసుకోగలదు. వేర్వేరు సంస్థల లైన్లు ఒకే కార్డు మీద దింపేవాళ్లు వీవిక్2 లేదా ఆ తర్వాతిదే తీసుకోవాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. కొత్త తరానికి ఇచ్చే డబ్బుకు నిజమైన ప్రతిఫలం దొరికే చోటు ఇది. ఒక షరతు మాత్రం గుర్తుంచుకోండి: ఒక పోర్టులో డేటా, రెండో పోర్టులో టెలిఫోన్ పీఆర్ఐ (వాయిస్ కాల్స్ లైన్) పెట్టుకుంటే ఈ వెసులుబాటు ఉండదు. వాయిస్‌కు రౌటర్ లోపలి క్లాక్‌తో కలిసి నడవాలి. అలాంటప్పుడు డేటాకు, వాయిస్‌కు వేర్వేరు కార్డులు వాడితే మనశ్శాంతి.

మూడో తరం వీవిక్3 రెండో తరం ఐఎస్‌ఆర్‌ల కాలంలో వచ్చింది. డేటా లీజ్డ్ లైన్ ఒక్కటే చూసుకుంటే వీవిక్2కు, దీనికి మధ్య మనం అనుభవించే తేడా తక్కువ. నాలుగు పోర్టుల రూపం దొరకడం దీని ప్రత్యేకత. హెడ్ ఆఫీస్‌లో నాలుగు బ్రాంచీల లైన్లు ఒకే స్లాట్‌లో దింపుకోవచ్చు. ఒకటి రెండు లైన్లున్న బ్రాంచి 2911కి వీవిక్2 చవగ్గా దొరికితే నిస్సంకోచంగా తీసుకోండి. మొదటి తరం వీవిక్ మాత్రం 1900, 2900, 3900లలో పనిచేయదు.

చివర జి703 అని ఉన్న రకం గురించి కూడా తెలిసి ఉండాలి. మామూలు ఈ1లో సున్నా టైమ్‌స్లాట్ ఫ్రేమింగ్‌కు పోతుంది, మిగతా 31 స్లాట్లతో 1,984 కేబీపీఎస్ వస్తుంది. కొన్నిచోట్ల ఫ్రేమింగ్ లేకుండా, మొత్తం 2,048 కేబీపీఎస్ ఒకే పైపులా ఇస్తారు. దీన్ని అన్‌స్ట్రక్చర్డ్ లేదా అన్‌ఫ్రేమ్డ్ అంటారు. అవతలి చివర వి.35 కన్వర్టర్ ఉన్న లైన్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. అలాంటి లైన్‌కు వీవిక్2-2ఎంఎఫ్‌టి-జి703 లేదా వీవిక్3లో అదే రకం కావాలి. జి703 అని లేని వీవిక్2, వీవిక్3 కార్డు ఆ లైన్‌ను లేపలేదు. ఆర్డర్ పెట్టేముందు లైన్ ఇచ్చే సంస్థను రెండు మాటలు అడగండి: ఫ్రేమ్డా అన్‌ఫ్రేమ్డా, ఫ్రేమ్డ్ అయితే సీఆర్‌సీ4 (ఈ1 ఫ్రేముల ఎర్రర్ తనిఖీ) ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా. సిస్కో కార్డు డిఫాల్ట్‌గా సీఆర్‌సీ4 ఆన్‌లో పెట్టుకుంటుంది. అవతల ఆఫ్ అయితే ఇక్కడ కూడా "నో-సీఆర్‌సీ4" ఇవ్వాలి.

512 కేబీపీఎస్ లాంటి చిన్న లైన్ ఈ1 మీద వస్తే ఎనిమిది టైమ్‌స్లాట్లతో ఒక చానెల్-గ్రూప్ చేస్తే చాలు. ఏ ఎనిమిది అన్నది సంస్థ చెప్పాలి, మనం ఊహించకూడదు. హెడ్ ఆఫీస్‌లో ఒకే ఈ1ను చాలా ముక్కలు చేసి ఒక్కో ముక్క ఒక్కో బ్రాంచికి ఇచ్చే పద్ధతి ఉంటే మల్టీఫ్లెక్స్ కార్డు సరిపోదు, దానిలో చానెల్-గ్రూప్‌లకు పరిమితి ఉంది. దానికోసమే చేసిన హెచ్‌విక్-1సీఈ1టి1-పీఆర్ఐ, రెండు పోర్టుల రూపం ఉన్నాయి. 4000 సిరీస్‌లో నిమ్ రూపంలోనూ ఈ రకం దొరుకుతుంది.

కేబుల్ విషయంలో ఒక చిన్న మాట. ఈ1 సాకెట్ ఆర్‌జె45లా కనిపించినా పిన్నులు వేరు: 1, 2 రిసీవ్, 4, 5 ట్రాన్స్‌మిట్. నేరుగా వెళ్లే మామూలు ఈథర్‌నెట్ కేబుల్‌తో పని జరుగుతుంది. తారుమారు చేయాల్సి వస్తే ఈథర్‌నెట్ క్రాసోవర్ పనికిరాదు, 1ని 4కి, 2ని 5కి కలిపిన కేబుల్ చేయించాలి. బీఎన్‌సీ మీద వచ్చే లైన్‌కు ఆర్‌జె45 నుంచి రెండు బీఎన్‌సీలకు వెళ్లే కేబుల్ తీసుకుని, కంట్రోలర్ కింద లైన్ టర్మినేషన్ 75 ఓమ్ అని చెప్పాలి.

స్లాట్ ఒప్పుకుంటుందా

1841లో రెండు, 2811లో నాలుగు హెచ్‌విక్ స్లాట్లున్నాయి. వీటిలో విక్, వీవిక్, హెచ్‌విక్ అన్నీ ఎక్కుతాయి, 1841లో వీవిక్ డేటాకు మాత్రమే. 2801 దగ్గర మాత్రం జాగ్రత్త. దానిలోనూ నాలుగు స్లాట్లే కనిపిస్తాయి కానీ నాలుగూ ఒకటి కాదు. 1, 3 స్లాట్లే హెచ్‌విక్ తీసుకుంటాయి. స్లాట్ 0 వాయిస్ కార్డులకు మాత్రమే. అందులో డేటా కార్డు పెట్టి కార్డును తిట్టుకోవడం అన్యాయం, పక్క స్లాట్‌కు మార్చి చూడండి.

2900 సిరీస్ స్లాట్లను ఈహెచ్‌విక్ అంటారు, హెచ్‌విక్ కార్డులు వాటిలో నడుస్తాయి. ఇక్కడే అమ్మేవాళ్లు వేగం గురించి చెబుతారు: హెచ్‌విక్ స్లాట్ ఒక్కో దిశలో 400 ఎంబీపీఎస్, ఈహెచ్‌విక్ దానికి రెట్టింపు. ఆ అంకెలు నిజమే. కానీ అవి గిగాబిట్ ఈథర్‌నెట్, స్విచ్ కార్డుల కోసం. 2 ఎంబీపీఎస్ లైన్ ఏ తరం స్లాట్‌లో పెట్టినా స్లాట్‌కు చెమట పట్టదు. లీజ్డ్ లైన్ నిదానంగా ఉందని కార్డు మార్చేవాళ్లు డబ్బు వృథా చేసుకుంటున్నట్టే. రెండు ఈ1లు తీసుకుని మల్టీలింక్ పీపీపీతో కట్టడం, లేదా క్యూఓఎస్ (ఏ ట్రాఫిక్ ముందు వెళ్లాలో చెప్పే అమరిక) సరిచేయడం వల్ల నిజంగా తేడా తెలుస్తుంది.

2800, 2900లలో ఈ కార్డులను పవర్ ఆఫ్ చేయకుండా తీయడం, పెట్టడం చేయకూడదు. అంటే డౌన్‌టైమ్ తీసుకోవాలి, ముందుగా అనుమతి కావాలి. 4000 సిరీస్‌లో నిమ్‌ను రౌటర్ నడుస్తుండగానే మార్చవచ్చు. రోజంతా ఆగకూడని కంట్రోల్ రూమ్‌లకు ఇది పెద్ద ఊరట, తరం మార్పుకు గట్టి కారణం కూడా. పాత ఐఓఎస్ మీద కొత్త కార్డు కనిపించదు కాబట్టి ఇమేజ్ వెర్షన్ ముందే సరిచూసుకోండి. ఇమేజ్ మార్చడానికి ఫ్లాష్ చాలకపోవడం 1841, 2811లలో తరచూ ఎదురయ్యే అడ్డంకి.

ఏ పరిస్థితిలో ఏది

చేతిలో 1841 లేదా 2811 ఉండి, లైన్ ఇంకో ఏడాది రెండేళ్లలో ఫైబర్‌కు మారుతుందని తెలిస్తే కొత్త పెట్టుబడి పెట్టకండి. వి.35కు విక్-1టి, ఈ1కు వీవిక్2, దానితోపాటు అలమరలో ఒక స్పేర్. ఈ రౌటర్లకు సిస్కో సపోర్ట్ 2016లోనే ముగిసింది. కాబట్టి సెక్యూరిటీ ప్యాచ్‌లు రావు. ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉన్న లైన్ మీద వీటిని ఉంచకూడదు. మూసిన ప్రైవేట్ లైన్ మీద, అదీ మేనేజ్‌మెంట్ యాక్సెస్ కట్టుదిట్టం చేశాక మాత్రమే.

చేతిలో 2911 లాంటిది ఉంటే వి.35కు హెచ్‌విక్-2టి, ఈ1కు వీవిక్2 లేదా వీవిక్3. ఈ సిరీస్ సపోర్ట్ కూడా 2022 చివరితో అయిపోయింది. అందుకని కార్డు కోసం ఎక్కువ ఖర్చు పెట్టే రౌటర్ కాదిది. వాడినవి మంచివి తక్కువకే దొరుకుతాయి.

వాడిన కార్డులు కొనేటప్పుడు నకిలీల గురించి చెప్పకుండా ఉండలేను. 2008లో అమెరికాలో ఎఫ్‌బీఐ ఆపరేషన్ సిస్కో రైడర్ పేరుతో నకిలీ సిస్కో పరికరాల గుట్టు బయటపెట్టినప్పుడు వాటిలో ఈ వాన్ కార్డులు కూడా ఉన్నాయి. చిన్నవి, ఖరీదైనవి, లోపల ఏముందో ఎవరూ చూడనివి కావడంతో నకిలీ చేసేవాళ్లకు ఇష్టమైన సరుకు అయ్యాయి. డబ్బు ఇచ్చేముందు కార్డును రౌటర్‌లో పెట్టించి "షో ఇన్వెంటరీ" చూడండి. అందులో వచ్చే పేరు, సీరియల్ నంబరు కార్డు మీది స్టిక్కర్‌తో కలవాలి. తర్వాత పోర్టు మీద లూప్‌బ్యాక్ (పంపిందే తిరిగి వచ్చే అమరిక) పెట్టి కొన్ని వేల పింగ్‌లు పంపండి. ఒక్క ఎర్రర్ కూడా రాకూడదు. దీనికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకండి.

కొత్త రౌటరే కొనాల్సి వస్తే, లైన్ ఈ1గానే ఉంటుందని ఖాయమైతే, నిమ్ స్లాట్ ఉన్నది తీసుకోండి. 2 ఎంబీపీఎస్ బ్రాంచికి పెద్ద మోడల్ అక్కర్లేదు. 4321 బేస్ లైసెన్స్‌తోనే 50 ఎంబీపీఎస్ మోస్తుంది, రెండు నిమ్ స్లాట్లున్నాయి, కానీ సిస్కో 2023లో దాని అమ్మకం ఆపేసింది. తర్వాత వచ్చిన క్యాటలిస్ట్ 8300లో కూడా నిమ్ స్లాట్ ఉంది. అయితే మీకు కావలసిన నిర్దిష్ట కార్డు ఆ మోడల్ డేటాషీట్‌లో పేరుతో సహా ఉందో లేదో చూశాకే ఆర్డర్ ఇవ్వండి. కార్డు ధర రౌటర్ ధరలో గణనీయమైన భాగం కావడం ఈ తరంలో మామూలే. అది చూశాక చాలామందికి వచ్చే ఆలోచన సరైనదే: ఈ1 కార్డు కొనకుండా ఈథర్‌నెట్‌గా ఇమ్మని సంస్థను అడిగితే పోలా?

అడగండి. ఇస్తే తీసుకోండి. కానీ రెండు పనులు చేయకుండా లైన్ అప్పగించుకోవద్దు. ఒకటి, షేపింగ్, అంటే రౌటర్ పంపే వేగాన్ని లైన్ వేగానికి కట్టడి చేయడం. మీ పోర్టు 100 ఎంబీపీఎస్ అంటుంది, వెనక పైపు 2 ఎంబీపీఎస్. సీరియల్ కార్డు ఉన్నప్పుడు క్యూ రౌటర్‌లోనే ఏర్పడేది, ఏది ముందు పంపాలో మన క్యూఓఎస్ నిర్ణయించేది. ఈథర్‌నెట్‌లో షేపింగ్ లేకపోతే రౌటర్ అంతా ఒకేసారి వదిలేస్తుంది, లైన్‌ను ఈథర్‌నెట్‌గా మార్చే కన్వర్టర్ తనకు తోచిన ప్యాకెట్లు పారేస్తుంది. వాయిస్, స్కాడా (దూరం నుంచి యంత్రాలను నియంత్రించే) ట్రాఫిక్ మొదట నలిగేది అక్కడే. లైన్ వేగానికి కాస్త తక్కువగా షేప్ చేసి, దాని లోపల ప్రాధాన్యాలు పెట్టండి. రెండు, లైన్ తెగినా ఈథర్‌నెట్ పోర్టు పచ్చగానే ఉంటుంది. సీరియల్, ఈ1 కార్డుల్లో లైన్ పోతే ప్రోటోకాల్ తనంతట తానే డౌన్ అయి బ్యాకప్‌కు మళ్లేది. ఇక్కడ స్టాటిక్ రూట్లు పెట్టుకుని కూర్చుంటే ట్రాఫిక్ గోతిలో పడుతూనే ఉంటుంది. బీఎఫ్‌డీ (లైన్ పోయిందని త్వరగా పసిగట్టే ప్రోటోకాల్) గానీ, అవతలి చివరను పింగ్ చేసి చూసే ఐపీ ఎస్ఎల్ఏ ట్రాకింగ్ గానీ తప్పనిసరి. అప్పగించే రోజే అవతలి వైపు కేబుల్ పీకించి బ్యాకప్ ఎన్ని సెకన్లలో వస్తుందో చూసి, ఆ అంకె రాసుకున్నాకే సంతకం పెట్టండి.